మొట్టమాడి సార్

కోవిల్‌పట్టిలోని ఆ ఇంట్లో తెల్లారితే ఎప్పుడూ ఉండే సందడే ఉంది. వంటింట్లో పెనం మీద దోసె చుర్రుమంటోంది. వాకిట్లో రంగనాథన్ మోటార్ సైకిల్‌ను గుడ్డతో తుడుస్తూ, చేలో మొక్కజొన్నకు పురుగు పడిందని ఫోన్‌లో ఎవరితోనో మొత్తుకుంటున్నాడు. ఆయన తల్లి సీనియమ్మాళ్ గడప పక్కన కాళ్లు చాపుకుని కూర్చుని, తన చెవిన పడిన ప్రతి మాటకూ ఎవరూ అడగని జవాబొకటి చెబుతోంది.

తరాల కిందట తమిళనాట స్థిరపడిన ఆ తెలుగు ఇంటికి ఒక్కగానొక్క కొడుకు కణ్ణన్. విరుదునగర్‌లో ఒక పప్పుల మండీ ఆఫీసులో పని. రోజూ బస్సులో పోయి వస్తాడు. కంచం ముందు కూర్చున్నాడన్న మాటే గానీ అతని కళ్లూ, బొటనవేలూ ఫోన్ మీదే ఉన్నాయి.

"కణ్ణా, పొడి ఎయ్యనా, చట్నీ ఎయ్యనా?" తల్లి ఇళవరసి వంటింట్లోంచి అడిగింది.

"ఊ."

"ఊ అంటే ఏందిరా? రెండిట్లో ఏది?"

"ఏదో ఒకటి."

"మాపు సరిగ్గా తిన్లా నువ్వు. ఒళ్లు బాగుండాదా?"

"ఆఁ."

సీనియమ్మాళ్ ఊరుకోలేదు. "కన్నతల్లి అడిగితే నోరు తెరిచి నాలుగు మాటలు చెప్పరాదా? ఆ ఫోన్‌లో ఏం సొదరా నీకు, పొద్దన్నుంచి మాపటిదాకా?"

"సుమ్మా ఉండవ్వా."

ఇళవరసి ఇంకో దోసె తెచ్చి కంచంలో వేసి, ఒక్క క్షణం అక్కడే నిలబడింది. కొడుకు తల ఎత్తలేదు. ఆమె లోపలికి వెళ్లిపోయింది. కణ్ణన్ ఎడమచేత్తో చకచకా రాస్తున్నాడు. ముఖం ఎరుపెక్కింది, దవడ బిగిసింది. ఊరూ పేరూ తెలియని ఒక మనిషిని అతను ఆ పొద్దుటిపూట తిట్టరాని తిట్లు తిడుతున్నాడు.

ఆ మనిషికి అందరూ పెట్టుకున్న పేరు 'మొట్టమాడి సార్'. తమిళంలో మొట్టమాడి అంటే మేడ మీది డాబా. ఆ పేరుతో ఫేస్‌బుక్‌లో ఒక పేజీ నడుస్తోంది. మదురై నుంచి తూత్తుకుడి దాకా దాన్ని వేలమంది చదువుతారు. ఒకనాడు అమెరికాలో జరిగిన ఆడపిల్లల బాస్కెట్‌బాల్ పోటీ గురించి, మరునాడు ఒకప్పుడు శివకాశి అచ్చులో వచ్చిన బొమ్మల కథల పుస్తకాల గురించి, ఇంకోనాడు ఏ సినిమాలోంచి ఏ హీరోయిన్ తప్పుకుందన్న కబురు గురించి, డాబా మీద కూర్చుని పక్కింటివాళ్లతో ముచ్చటించినట్టు ఉంటుంది ఆ రాత.

'బాస్కెట్‌బాల్‌లో అందరూ బంతి చేతిలో ఉన్నవాళ్లను చూస్తారు. నేను బంతి లేనివాళ్లను చూస్తాను. వాళ్లు ఊరికే పరుగెత్తుతున్నట్టు కనబడతారు. వాళ్లు అలా పరుగెత్తి చోటు చేయకపోతే బంతి ఉన్నవాడికి దారే ఉండదు' అని ఒకసారి రాసింది ఆ పేజీ. అది చదివినవాళ్లంతా ఈయనెవరో కాలేజీ లెక్చరర్ అయ్యుంటాడని అనుకున్నారు. అలా 'సార్' అయ్యాడు.

కణ్ణన్‌కు కూడా మొదట్లో ఆ రాతలంటే ఇష్టమే. కానీ కణ్ణన్‌కు ప్రాణం హీరో మగిళన్. విరుదునగర్‌లో మగిళన్ అభిమాన సంఘానికి ఆన్‌లైన్ పనులన్నీ అతనే చూసేవాడు. మగిళన్ కొత్త సినిమా వచ్చిన వారానికి మొట్టమాడి ఇలా రాసింది: 'బొమ్మల కథలో ఒక గుద్దుకూ ఇంకో గుద్దుకూ మధ్య సన్నని తెల్లటి సందు ఉంటుంది. ఆ సందులో చదివేవాడు ఊపిరి తీసుకుంటాడు. ఈ సినిమా రెండో సగంలో ఆ సందు లేదు. మగిళన్ మంచి నటుడు. పాపం, ఆయన్ని నడుమ నిలబెట్టి చుట్టూ పొగ పెట్టారు.'

అంతే. సంఘం భగ్గుమంది. సంఘానికి నాయకుడు చెల్లసామి, ఫ్లెక్సీ బ్యానర్ల షాపులో పనిచేసేవాడు. "వీణ్ణి వదలొద్దు" అన్నాడు. అభిమానులంతా పేజీ మీద పడ్డారు. అందరికంటే ముందు నడిచింది 'కరిసల్ పులి'. నల్లరేగడి నేల పులి అని అర్థం. అది కణ్ణన్ పెట్టుకున్న దొంగపేరు.

మొట్టమాడి సార్ ఎవరికీ జవాబివ్వలేదు, ఒక్క కరిసల్ పులికి తప్ప. 'తమ్ముడూ, తిట్లు అయిపోయాయా? అయితే ఒక మాట చెప్పు. ఆ సినిమాలో నీ గుండె పట్టేసిన సీను ఏది?'

కణ్ణన్ దానికి సిద్ధంగా లేడు. ఏదో వెటకారం రాయబోయి, నిజమే రాసేశాడు. హీరో ఆసుపత్రిలో తండ్రిని చూడబోయి, తలుపు దగ్గరే నిలబడిపోయి, లోపలికి పోలేక తిరిగి వచ్చేసే సీను అని. ఎందుకని అడిగితే, తనకూ తండ్రి ముందు నోరు రాదని రాశాడు. బొమ్మలు గీయడం నేర్చుకోవాలని ఉండేదని, ఆ మాట ఇంట్లో చెప్పేలోపే తండ్రి మండీలో చేర్చేశాడని కూడా రాశాడు. మనిషి ఎవరో తెలియనప్పుడు ఎంత తేలిగ్గా చెప్పుకోవచ్చో అతనికే వింతగా ఉండేది. కొన్నాళ్లు బస్సులో సాత్తూరు ఎప్పుడు దాటిందో కూడా తెలిసేది కాదు.

ఆ ముచ్చట్లు చెల్లసామి కంట పడ్డాయి. "ఏంట్రా, పగవాడితో సరసాలా?" అని సంఘమంతా నవ్వింది. ఆ నవ్వు కణ్ణన్‌ను కాల్చేసింది. తను ఎవరి పక్షమో చూపించుకోవాలనిపించింది. అదే సమయంలో ఎవరో, ఆడపిల్లల ఆటల గురించి ఇంత రాస్తున్నది ఆడమనిషేమో అన్నారు. కరిసల్ పులి వెంటనే ఒక కామెంట్ రాశాడు. ఆడది అయితే ఎక్కడ ఉండాలో, ఎవరెవరి దగ్గరికి పోయి ఇవన్నీ నేర్చుకుని ఉంటుందో రాశాడు. ఆ మాటలు ఇక్కడ రాసేవి కావు. వందలమంది భేష్ అన్నారు. మొట్టమాడి సార్ ఆ రోజు మాత్రం కణ్ణన్‌కు జవాబివ్వలేదు.

దోసెలు తింటూ కణ్ణన్ రాస్తున్నది అలాంటిదే మరొకటి. కారణం ఆ పొద్దున్న పేజీలో వచ్చిన ప్రకటన: 'వచ్చే ఆదివారం విరుదునగర్‌లో, ఆడపిల్లల బడి మైదానంలో బాస్కెట్‌బాల్ ఆట. పక్కనే పాత బొమ్మల పుస్తకాలు పరిచి పెడతాం, పిల్లలు వచ్చి చదువుకోవచ్చు. నేనూ వస్తాను. ఇన్నాళ్లకు ముఖాలు చూసుకుందాం.'

మధ్యాహ్నం మండీలో ఉండగా చెల్లసామి ఫోన్ చేశాడు. "ఎలక బయటికొస్తోంది, చూశావా? ఆదివారం మనమంతా పోతున్నాం. లైవ్ నువ్వే తియ్యాలి. వాడి ముఖం ఊరంతా చూడాలి."

"సరే అన్నా" అన్నాడు కణ్ణన్.

ఆదివారం అతను పెందలాడే బయల్దేరాడు. "యాడికిరా, లీవు దినం గూడ?" అని అవ్వ అడిగితే "మండీలో వేలై ఉండాది" అన్నాడు. తల్లి స్నానానికి పోయి ఉంది. ఆమె కూడా ఆదివారాల్లో విరుదునగర్‌లోని పుట్టింటికి పోయి వస్తుంటుందని అతనికి తెలుసు. అక్కడేం చేస్తుందో ఎన్నడూ అడగలేదు.

మైదానం ఎండలో తెల్లగా మెరుస్తోంది. సిమెంటు కోర్టు, రెండు వైపులా రంగు పోయిన బోర్డులు. ఒక పక్క టార్పాలిన్ మీద బొమ్మల కథల పుస్తకాలు వరసగా పరిచి ఉన్నాయి. చిన్నపిల్లలు బోర్లా పడుకుని చదువుతున్నారు. ఆటగత్తెలు నీళ్లు తాగుతూ, జడలు ముడేసుకుంటూ నవ్వుకుంటున్నారు. చెల్లసామీ అతని మనుషులూ బ్యానర్ విప్పారు. కణ్ణన్ ఫోన్ ఎత్తి లైవ్ మొదలుపెట్టాడు.

"ఎక్కడమ్మా మీ మొట్టమాడి సార్?" చెల్లసామి అరిచాడు.

జట్టు కెప్టెన్ సంగవి వాళ్లను ఎగాదిగా చూసింది. "సార్ ఎవరూ లేరు. మేడమే. అదిగో."

కణ్ణన్ ఫోన్‌ను అటు తిప్పాడు. కోర్టుకు అవతలి అంచున, చీర కుచ్చిళ్లు కాస్త ఎత్తి దోపుకుని, కాళ్లకు కాన్వాస్ బూట్లు వేసుకున్న ఆడమనిషి ఒకామె వీపు ఇటు పెట్టి నిలబడి ఉంది. మెడలో విజిల్ తాడు. బంతిని రెండుసార్లు నేలకు కొట్టి, కాళ్లు కాస్త వంచి, రింగులోకి విసిరింది. బంతి వల తాకుతూ దిగిపోయింది. పిల్లలు కేరింతలు కొట్టారు. ఆమె నవ్వుతూ ఇటు తిరిగింది.

ఫోన్ తెర మీద అమ్మ ముఖం.

కణ్ణన్‌కు మొదట అర్థం కాలేదు. తెర తప్పు చూపిస్తోందేమో అన్నట్టు ఫోన్ పక్కనుంచి తొంగి చూశాడు. అక్కడ కూడా అమ్మే. ఊరి మధ్యలో నిలబడి ఉండగా నేల ఉన్నట్టుండి పక్కకు జరిగిపోతే ఎలా ఉంటుందో అలా అయిపోయాడు. చెయ్యి మాత్రం ఫోన్‌ను అలాగే పట్టుకుని ఉంది. ఆ చెయ్యి తనదని కూడా అనిపించలేదు.

"ఓహో, ఆడదా!" చెల్లసామి గొంతు లేచింది. "మా మగిళన్ గురించి రాయడానికి నీకేం అర్హత ఉంది? ఇంట్లో గిన్నెలు తోముకోక... మా తమ్ముడు కరిసల్ పులి నీ గురించి ఏం రాశాడో అందరి ముందూ చదవనా?"

జేబులోంచి ఫోన్ తీసి చదివాడు. కణ్ణన్ రాసిన మాటలు, ఒక్కటీ వదలకుండా. పిల్లలు వింటున్నారు. ఆటగత్తెలు వింటున్నారు. అమ్మ వింటోంది. తను రాసేటప్పుడు వేళ్ల కింద చిన్న అక్షరాలుగా ఉన్నవి, ఒక మగవాడి గొంతులో బయటికి వచ్చేసరికి ఎంత పెద్దవయ్యాయో, ఎంత మురికిగా ఉన్నాయో కణ్ణన్‌కు అప్పుడు తెలిసింది.

ఇళవరసి చూపు చెల్లసామి మీది నుంచి, లైవ్ తీస్తున్న ఫోన్ మీదికి, ఫోన్ వెనకున్న ముఖం మీదికి వచ్చింది. అక్కడ ఆగింది. కొడుకని పిలవలేదు. తెలిసినవాడన్నట్టు కూడా చూడలేదు.

"చదవడం అయిందా?" అంది చెల్లసామితో. "పిల్లలు ఆడుకోవాలి. పక్కకు జరుగు."

చెల్లసామికి ఇంకా మండింది. కాలితో పుస్తకాలను చిందరవందరగా తన్నాడు. పాత కాగితాలు పరపరా చిరిగాయి. ఒక చిన్నపిల్ల ఏడుపు లంకించుకుంది. సంగవీ మిగతా అమ్మాయిలూ పరుగున వచ్చి ఇళవరసి చుట్టూ గోడలా నిలబడ్డారు. బడి హెడ్మిస్ట్రెస్ గేటు దగ్గర్నుంచి అరుస్తూ వస్తోంది. ఇళవరసి మాత్రం మోకాళ్ల మీద కూర్చుని చిరిగిన పేజీలు ఏరుకుంటోంది.

కణ్ణన్ చెయ్యి కిందికి వాలింది. లైవ్‌లో కాసేపు మట్టి కనబడి ఆగిపోయింది. అతను ముందుకు పోలేదు. ఒక్క పుస్తకమైనా ఎత్తలేదు. వెనక్కి తిరిగి, గేటు దాటి, బస్టాండు దాకా పరుగులాంటి నడకతో వెళ్లిపోయాడు.

ఇంటికి వచ్చేసరికి వార్త అతనికంటే ముందే చేరింది. బంధువుల గ్రూపులన్నిటిలోనూ ఆ వీడియో తిరుగుతోంది. రంగనాథన్ ముందుగదిలో ఫోన్ పట్టుకుని నిలువుగుడ్లేసుకుని నిలబడి ఉన్నాడు.

"చూసినావారా? మీ అమ్మని... ఊర్లో పోకిరోళ్లు నిలబెట్టి ఏమేమి అన్న్యారో చూసినావా?" ఆయన ఫోన్‌ను కొడుకు ముందుకు చాపాడు. "నాకేం అర్తం కాలేదురా. మీ అమ్మ ఆడ ఏం చేస్తా ఉండాది? ఆ బూట్లేంది, ఆ ఈలేంది? ఇరవై అయిదేండ్లు కాపరం చేసినాను, ఈ మనిషి ఎవురు?"

కణ్ణన్ గోడకు ఆనుకుని నిలబడ్డాడు. సీనియమ్మాళ్ మాట్లాడకుండా కొంగుతో కళ్లు ఒత్తుకుంటోంది. ఆ ఇంట్లో ఆమె మాట్లాడకపోవడమే ఒక వింత.

మధ్యాహ్నానికి ఇళవరసి వచ్చింది. చేతిసంచి నిండా చిరిగిన పుస్తకాలు. మోచేతికి మట్టి. కొడుకు వైపు చూడకుండా లోపలికి పోయి, నీళ్లు తాగి వచ్చి కూర్చుంది.

"ఎన్నాళ్ల నుంచి ఇది?" రంగనాథన్ అడిగాడు.

"చాన్నాళ్లయింది. అది నేను సదువుకున్న బడే, చిన్నప్పుడు ఆడ ఆడినదాన్నే."

"నాతో ఒక్క మాట చెప్పినావా?"

"చెప్పినాను. మొదట్లో ఒకసారి, నేను రాసింది చూస్తారా అంటే, పనుండాది, మళ్లా చూస్తాన్లే అన్న్యారు. మళ్లా అనేది రాలేదు."

రంగనాథన్ తడబడ్డాడు. అయినా తగ్గలేదు. "సరి, పోయింది పోనీ. ఇంతటితో మానెయ్. ఇంట్లో ఉండే ఆడది ఊర్లో వాళ్ల నోళ్లల్లో పడేది ఏం కర్మ మనకి?"

"మాననండి."

"ఏమంటివి?"

"మానను. తప్పు చేసినోళ్లు మానాల. నేనెందుకు మానేది?"

ఇన్నేళ్లలో ఆమె ఆయనకు అలా ఎదురు చెప్పడం ఇదే మొదలు. రంగనాథన్ తల్లి వైపు తిరిగాడు. "చూసినావా అమ్మా, నీ కోడలు..."

"నన్నేం చూడమంటావురా?" సీనియమ్మాళ్ చివాలున తలెత్తింది. "నాకంతా తెలుసు. మద్దేనం మద్దేనం డాబా మీద మిరపకాయలు ఎండేసి, తను రాసిందంతా నాకు సదివి చెప్తాది. ఆ బొమ్మల కతలు గూడ సదువుతాది. నాకు సదువు రాదు గదా. మీరెవురన్నా ఒక్క దినం నా పక్కన కూచోని ఏమన్నా సదివినారా? ఆమె రాసేది మానితే నేను కూడు ముట్టను, చెప్తా ఉండా."

రంగనాథన్ కోపం పోవడానికి దారి కావాలి. ఫోన్ వైపు చూసి పళ్లు కొరికాడు. "పోలీస్ స్టేషన్‌కి పోతాను. ఆ అరిచినోడు సరే. ఇదంతా ఫోన్ పట్టుకోని తీసినాడే, వాడు ఎవుడో కనుక్కోని చెయ్యి ఇరగ్గొడతా. వాడికి అమ్మా అక్కా లేరా?"

"నేనే నైనా."

మొదట ఎవరికీ వినబడలేదేమో అనిపించింది కణ్ణన్‌కు. మళ్లీ అన్నాడు. "ఫోన్ పట్టుకునింది నేనే. అమ్మ అని నాకు తెలీదు. తెలిసినాక గూడ... ఆపలా. ఆయప్ప సదివినాడే, కరిసల్ పులి రాసింది అని... ఆ కరిసల్ పులి గూడ నేనే."

రంగనాథన్ చెయ్యి లేచింది. కానీ దెబ్బ పడలేదు. ఆ చెయ్యి తిరిగి ఆయన తల మీదికే వెళ్లింది. ఉన్నపాటున కుర్చీలో కూలబడ్డాడు.

"నాకు తెలుసు" అంది ఇళవరసి.

ఇప్పుడు అదిరిపడింది కణ్ణన్. "ఏం తెలుసు?"

"నువ్వేనని. శానా దినాలుగా తెలుసు. అరవంలో తిడతా తిడతా నడమ 'నీ సొద ఆపు' అని రాసినావు. అరవంలో ఆ మాట యాడుందిరా? ఈ ఇంట్లో మీ అవ్వ నోట్లో ఉండాది. అబ్బుడు అనుమానం వచ్చింది. బొమ్మలు గీసేదానికి పోవాలని ఉండె, మండీలో ఏసేసినారు అని రాసినావు చూడు, అబ్బుడు తెలిసిపోయింది."

"తెలిసీ ఎందుకు చెప్పలా?"

"చెప్తే నువ్వు మళ్లా మాట్లాడతావా?" ఆమె అతని ముఖంలోకి సూటిగా చూసింది. "ఇంట్లో ఊ అంటావు. ఆఁ అంటావు. ఏదో ఒకటి అంటావు. ఆడ నాకు పేజీలు పేజీలు రాసినావు. నీకు ఏం నచ్చుతాదో, దేనికి బయపడతావో, మీ నైనకి ఏం చెప్పలేకపోయినావో, అంతా ఆడనే తెలుసుకున్న్యా. ఇరవై నాలుగేండ్లు సాకిన కొడుకుతో మొదటిసారి నేను మాట్లాడింది ఆ ఫోన్‌లోనే. దాన్ని పోగొట్టుకోలేక, తిట్లు గూడ సదువుకుంటా కూచున్న్యా."

కణ్ణన్ మోకాళ్ల మీద కుంగిపోయాడు. వెక్కి వెక్కి ఏడుస్తూ తల్లి కాళ్ల దగ్గరికి జరిగాడు. "ఈ దినం గూడ నువ్వు నన్ను కాపాడినావమ్మా. వీడు నా కొడుకు అని అందరి ముందరా చెప్పకుండా..."

"కాపాడలేదురా."

అతను తలెత్తాడు.

"నిన్ను కాపాడేదానికి కాదు. ఆ పిలకాయలు నన్ను చూస్తా ఉండారు. నువ్వు రాసిన మాట వాళ్ల చెవుల్లో పడింది. నువ్వు నా కడుపున పుట్టినావని ఆ పిల్లలకి చెప్పేదానికి నాకు సిగ్గయింది. అందుకని చెప్పలా."

తిట్టి ఉంటే ఓర్చుకునేవాడు. కొట్టి ఉంటే ఊరట పొందేవాడు. అమ్మ ఎక్కడో తన తప్పును కప్పిపెట్టిందనుకుని అప్పటిదాకా పట్టుకుని వేలాడుతున్న ఆ చిన్న కొమ్మ కూడా విరిగింది. కణ్ణన్ ఏడుపు ఉన్నట్టుండి ఆగిపోయింది. ముఖం తుడుచుకుని లేచాడు.

"నేను లైవ్‌లో చెప్పేస్తా. నేనే రాసినాను, నువ్వు మా అమ్మ అని..."

"నీ పేరు చెప్పుకో" అంది ఇళవరసి. "నా సంగతి నేను చెప్పుకుంటా."

ఆ మధ్యాహ్నమే కణ్ణన్ తన ముఖం చూపిస్తూ మాట్లాడాడు. దొంగపేరు విప్పాడు. ఏం రాశాడో, ఎవరి మెప్పు కోసం రాశాడో చెప్పాడు. మగిళన్ సినిమా రెండో సగం తనకూ నచ్చలేదని, ఆ మాట ఒప్పుకునే ధైర్యం లేక ఇంకో మనిషిని బురదలో తొక్కానని చెప్పాడు. పొద్దు గూకకముందే సంఘం అతన్ని వెలేసింది. నిన్నటిదాకా తమ్ముడన్నవాళ్లు అతని ఫోన్‌లో కుమ్మరించిన మాటలు చదువుతూ, అమ్మ ఇవే కదా ఇన్నాళ్లూ చదివింది అనుకున్నాడు.

సాయంత్రం మొట్టమాడిలో కొత్త రాత వచ్చింది: 'సార్ కాదు, మేడమ్ అని తెలిసి చాలామంది అదిరిపోయారట. నేనూ ఈరోజు అదిరిపోయాను, వేరే కారణానికి. దాని గురించి ఇప్పుడు రాయలేను. ఆట మాత్రం వచ్చే ఆదివారం ఉంది.'

సీనియమ్మాళ్ కోడలి చేత అది చదివించుకుంటుంటే రంగనాథన్ పక్కన వచ్చి కూర్చున్నాడు. అంతా విని, గొంతు సవరించుకుని, "ఇంకోసారి సదువు" అన్నాడు. తర్వాత కొడుకును చూడకుండానే, "బొమ్మలు గీయాల అని నాతో ఎందుకు చెప్పలేదురా?" అన్నాడు. జవాబు కోసం ఆగలేదు. జవాబు తనకూ తెలుసేమో.

హెడ్మిస్ట్రెస్ పోలీసులకు ఫిర్యాదు చేసింది. కణ్ణన్ తనంతట తానే స్టేషన్‌కు పోయి, జరిగినదంతా తన పేరుతో సహా చెప్పి వచ్చాడు. ఆ వారమంతా మండీ నుంచి రాగానే చిరిగిన పుస్తకాలు ముందేసుకుని కూర్చునేవాడు. పేజీలు అతికించాడు. ముక్క దొరకని చోట బొమ్మను తనే గీసి పూరించాడు. ఇళవరసి వచ్చి చూసేది, ఏమీ అనకుండా వెళ్లేది.

ఆదివారం ఇద్దరూ ఒకే బస్సులో విరుదునగర్ పోయారు. పక్కపక్కనే కూర్చున్నారు గానీ మాట్లాడుకోలేదు. మైదానంలో పుస్తకాల కట్ట మోసుకొస్తున్న కణ్ణన్‌ను చూసి అమ్మాయిలు గుసగుసలాడుకున్నారు. సంగవి ఎదురొచ్చి నిలబడింది.

"మేడమ్, ఆరోజు ఫోన్ పట్టుకున్నది ఇతనే కదా?"

"ఇతనే" అంది ఇళవరసి. "నా కొడుకు."

సంగవి విస్తుపోయి ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. కణ్ణన్ తల వంచుకున్నాడు. "తప్పయిపోయిందమ్మా. మీ అందరి ముందూ చెబుతున్నాను. క్షమించండి."

"మాతో సరే. మేడమ్‌కు చెప్పారా?"

"చెప్పాను."

"మేడమ్ ఏమన్నారు?"

కణ్ణన్ తల్లి వైపు చూశాడు. ఇళవరసి విజిల్ మెడలో వేసుకుంటూ, "ఇంకా ఏమీ అనలేదు. చూస్తున్నాను" అంది. ఆటకు ఈల ఊదింది.

ఎండలో కూర్చుని కణ్ణన్ ఆట చూశాడు. అందరి కళ్లూ బంతి మీద ఉంటే, అతను గీత పక్కన అటూ ఇటూ పరుగెత్తుతున్న తల్లిని చూశాడు. ఇంట్లో ఎప్పుడూ మెత్తగా ఉండే గొంతు ఇక్కడ మైదానమంతా వినబడుతోంది. ఆమె నవ్వితే ఎలా ఉంటుందో కూడా తను సరిగ్గా చూసి ఎన్నేళ్లయిందో అనిపించింది.

తిరుగు బస్సులో కిటికీ పక్క సీటు తల్లికి ఇచ్చాడు. బస్సు ఊరు దాటింది. చుట్టూ ఉన్నవాళ్లంతా తమిళం మాట్లాడుతున్నారు. ఇల్లు దాటితే వాళ్లూ తమిళమే మాట్లాడతారు. కానీ కణ్ణన్ ఇంటి మాటలోనే అడిగాడు.

"అమ్మా, బడిలో ఆడేటప్పుడు నువ్వు ఏ చోట ఆడతా ఉంటివి?"

ఇళవరసి చప్పున తిరిగి చూసింది. కొడుకు చేతిలో ఫోన్ లేదు. అతను జవాబు కోసం ఎదురుచూస్తున్నాడు. ఆమె కళ్లు నిండిపోయాయి. కొంగు చివరతో తుడుచుకుని, ఏడుస్తూనే నవ్వింది.

"ఇన్నేండ్లకి అడిగినావా?" అంది. "విను, చెప్తా. అబ్బుడు మా బడిలో కోర్టుకి సిమెంటు గూడ లేదు..."

సాత్తూరు వచ్చింది, జనం దిగారు, ఎక్కారు, బస్సు కదిలింది. ఆమె చెబుతూనే ఉంది. కణ్ణన్ మధ్యమధ్య అడుగుతూనే ఉన్నాడు.